విశ్వవిద్యాలయపు బొగ్గుపులుసు లెక్క

విశ్వవిద్యాలయమున దీపము వెలిగినపుడు అచట పొగ కానరాదు. కాని యా విద్యుత్తు బొగ్గు కాల్చెడి కేంద్రమునుండి వచ్చినచో, పొగ యచటి యూళ్లపై లేచును. కావున లెక్క రెండు పద్దులుగా వ్రాయవలెను: ఆవరణములో కాల్చిన నూనె యొకటి, కొన్న విద్యుత్తు రెండవది.

లీటరు డీసెలు కాలినచో, గాలిలోని ప్రాణవాయువు కూడుటచే, సుమారు 2.7 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు పుట్టును. 2023-24లో మనదేశమున ఒక యూనిటు విద్యుత్తునకు సగటున 0.7 కిలోగ్రాముకు కొంచెము పైగా పుట్టినది, లెక్కకు 0.7 అనుకొందము. ఒక వసతిగృహము నెలకు 100 లీటర్ల డీసెలును, 1,000 యూనిటుల విద్యుత్తును వాడినదనుకొనుడు. 270, 700 కలిసి 970 కిలోగ్రాములు. కంటికి కనబడని పద్దే పెద్దది గదా! దానిని విడిచినచో, మన చెత్తను పొరుగువాని ముంగిట పోసి, మా యిల్లు శుభ్రమనుకొనుటయే యగును.