పిల్లలచే పెరటి కూరగాయల తోట

1. ఆవశ్యకత

పది యెకరముల పట్టా గల రైతు సయితము వారమున కొకసారి సంతకు బోయి వంకాయలు, బెండకాయలు కొనుచుండుట తెలంగాణపు పల్లెలలో కానవచ్చును. సంత జరిగిన రెండు మూడు దినములు ఇంట కూర యుండును. తక్కిన దినములలో పిల్లలు పచ్చిపులుసుతోనో తొక్కుతోనో అన్నము తిని లేతురు. పొలమున ప్రత్తియు జొన్నయు పండుచుండగా కంచములో ఆకుకూర కొఱతపడుట రైతుకుటుంబమునకు తగినది కాదు.

తోటకూర, పాలకూర, మునగాకు మొదలగు వానిలో శరీరమున విటమిను ఏగా మారు పదార్థము గలదు. ఈ విటమిను లోపించినయెడల పిల్లలకు రేచీకటి కలుగును. ముదిరినచో చూపే పోవును. దీని నివారణకై మన దేశమున 1970లో చిన్నపిల్లలకు విటమిను ఏ మందు నోట పోయు పథకము ప్రారంభమయ్యెను. అయినను మందు ఆహారమునకు బదులు కాజాలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో ప్రచురించిన సూచనలలో పెద్దవారొక్కరికి దినమునకు 300 గ్రాముల కూరగాయలు కావలెనని చెప్పబడినది. ఇంత కూర దినదినమును కొనుట కష్టము, పెరటినుండి కోయుట సులభము.

2. స్థలము, నీరు

అయిదుగురు గల కుటుంబమునకు రెండు కుంటల నేల, అనగా సుమారు 240 చదరపు గజములు, చాలును. అంత లేనివారు ఉన్నంతలోనే ఆరంభింపవచ్చును. ఎండ బాగుగ తగులు చోటు ఎన్నుకొని, మేకలు, కోళ్లు చొరకుండ ముండ్లకంప నాటవలెను. మళ్లు నాలుగడుగుల వెడల్పునకు మించరాదు. అప్పుడు పిల్లలు మడిలో కాలు పెట్టక రెండు ప్రక్కల నుండియు కలుపు తీయగలుగుదురు. బాగుగ మాగిన పశువుల పెంట నేలలో కలుపవలెను.

స్నానపు నీరు పెరటిలో నిలిచిన దోమలు పెరుగును. ఆ నీటిని కాలువ తీసి అరటి పిలకలకు, తీగ పాదులకు పారించిన రెండు లాభములు కలుగును. ఆకుకూరలకు మాత్రము బావినీరే పోయవలెను.

3. పని పంచుట

అయిదారేండ్ల పిల్లలచే బీర, సొర, చిక్కుడు వంటి పెద్ద గింజలు పెట్టింపవచ్చును. ఎనిమిది పదియేండ్లవారు నీరు పోయుదురు, కలుపు తీయుదురు. పండ్రెండేండ్లు దాటినవారు మళ్లు కట్టుదురు, నారు నాటుదురు. పందిరి గుంజలు పాతుట, బావినుండి నీరు తోడుట పెద్దల పని. తోటపని ఆడపిల్లలపైననే మోపి మగపిల్లలను విడిచిపెట్టరాదు. చదువుకొను పిల్లవానికి మన్ను ముట్టుట చిన్నతనమను తలంపు కలుగనీయరాదు. పని బడికి ముందో తరువాతనో అరగంటకు మించకుండుట మేలు.

ఒక్కొక్కరికి ఒక్కొక్క మడి ఇచ్చి, పంట మాత్రము ఒకే వంటయింటికి చేర్పవలెను. ఒకరి మడి యెండినయెడల తండ్రి కోపించి దానిని తానే సరిచేయరాదు. ఎండుటకు కారణమేమో ఆ బిడ్డచేతనే కనుగొనజేసి మరల విత్తింపవలెను.

4. విత్తుట

విత్తిన మరునాడే త్రవ్వి చూచుట పిల్లల స్వభావము. కావున మొదట మూడు నాలుగు దినములలో మొలచు మెంతిని విత్తింపవలెను. తోటకూర విత్తనము మిక్కిలి సన్ననిది. ఇసుకతో కలిపి చల్లినచో ఒకేచోట పడదు. ఇవి నెలదినములలో కోతకు వచ్చును. బెండ విత్తనములను రాత్రి నానబెట్టి విత్తిన నెలన్నరకు కాయ దొరకును. వంగ, టమాటో, మిరప నారుపోసి నాటవలసినవి.

మృగశిర కార్తెలో తొలకరి పడగానే బీర, సొర, కాకర పాదులు పెట్టవలెను. పాదునకు నాలుగు గింజలు పెట్టి, మొలచిన పిదప బలమైన రెంటిని ఉంచవలెను. పందిరి చిక్కుడు తొలకరిలో పెట్టినను పగళ్లు కుఱుచయైనగాని పూయదు. దానిని చూచి తొందరపడి పీకరాదు. పాలకూర, కొత్తిమీర, ముల్లంగి చలికాలమునకు మంచివి. వంగ, టమాటో, మిరప ఒకే జాతివి కావున వానిని ఏటేట అదే మడిలో నాటరాదు.

5. తోటలో పాఠము

బీరతీగకు పూలు రాలిపోవుచున్నవని పిల్లలు విచారింతురు. వారికి రెండు విధములైన పూలు చూపవలెను. గుత్తులుగ వచ్చునవి మగపూలు. అవి రాలుట సహజము. వెనుక చిన్న పిందె గలది ఆడుపువ్వు. బీరపువ్వు సాయంకాలము విచ్చును. పురుగులు రాని వానదినములలో మగపువ్వును కోసి ఆడుపువ్వునకు తాకించిన కాయ నిలుచును. ఈ పని పదియేండ్ల బిడ్డ చేయగలదు. ఒక గోరుచిక్కుడు మొక్కను మెల్లగ పీకి, గాలిలోని నత్రజనిని నేలకు చేర్చు వేరు బుడిపెలను గూడ చూపవలెను.

6. ముఖ్యమైన హెచ్చరిక

పొలమునకు తెచ్చిన పురుగుమందును పెరటిలో చల్లరాదు. పిల్లల చేతికి ఇయ్యనే రాదు. ఖాళీ మందుడబ్బాలతో నీరు పోయుటగాని, వానిలో విత్తనము దాచుటగాని ప్రాణాపాయకరము. పేనుబంక కనబడినయెడల ఆ కొమ్మను త్రుంచివేయవలెను. హెచ్చైనచో 50 గ్రాముల వేపగింజల పప్పుపొడిని లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, వడగట్టి, పెద్దవారు చల్లవలెను.

7. విత్తనము, లెక్క

మంచి బీరకాయ నొకదానిని తీగపైననే యెండనిచ్చి, గింజ గలగలలాడునపుడు కోసి, మరు తొలకరికి దాచవలెను. విత్తిన తేది, కోసిన తేది, తూకము, ఆనాటి సంతధర పిల్లలచే పుస్తకములో వ్రాయింపవలెను. ఏడాది చివర ఆ లెక్కను పెద్దలు చదివి చూచినచో ఇంట మిగిలిన రొక్కమెంతయో తెలియును. తాను పెంచిన కూరను తాను వలదని త్రోసివేయు బిడ్డ అరుదు. ఈ లాభము మాత్రము లెక్కపుస్తకమున కనబడదు.