యంత్రమునకు వెఱచి సీటు కొనవలదు

యంత్రములు మనుష్యుల పనులన్నిటిని లాగికొనుచున్నవనియు, వాని బారినుండి బిడ్డను కాపాడగలది బి.టెక్‌లో కంప్యూటర్ సైన్స్, అందునను ఏఐ యను రెండక్షరములు తోకగా గల బ్రాంచి యొక్కటేయనియు ఒక నమ్మకము కదిరి పట్టణము మొదలు తలుపుల, నల్లచెరువు, నంబులపూలకుంట మండలముల పల్లెలవరకు నేడు వ్యాపించియున్నది. ఇంటర్ ఫలితములు వెలువడిన మఱునాడే తండ్రులు నాయొద్దకు వచ్చి, "సీటు యాడ దొరుకుతాది సార్, ఎంతవుతాది?" అని మండీలో వేరుశనగ ధర విచారించినట్లు విచారింతురు. ఆ ప్రక్కనే తల వంచుకొని నిలిచియున్న పిల్లవానికి గణితమన్న ఇష్టమో, అయిష్టమో తెలిసికొన్నవారు వారిలో మిక్కిలి తక్కువ.

ఇట్టి పరుగు మన ప్రాంతమునకు క్రొత్తది గాదు. టైపు హయ్యరు, షార్ట్‌హ్యాండు ప్యాసైనవానికి గుమాస్తా కొలువు తప్పదనిన కాలమొకటి గడచినది. పీజీడీసీఏ యను కంప్యూటరు పట్టా ఉన్న చాలుననిన కాలము పిదప వచ్చినది. 2000 సంవత్సరపు కంప్యూటరు తేదీ చిక్కు, అనగా వై2కె, పేరిట హైదరాబాదు అమీర్‌పేట సందులు నిండి, 2000 దాటిన పిమ్మట అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కూలగా, అప్పుచేసి కోర్సులు చదివినవారు ఊళ్లకు తిరిగి రావలసివచ్చినది. నేడు యంత్రము ముందుగా నేర్చిన పనులెవ్వి? ప్రాథమికమైన కోడు వ్రాయుట, డేటా ఎంట్రీ, ఖాతాదారుల ప్రశ్నలకు మూసబోసిన సమాధానము లిచ్చుట. అనగా పట్టా చేతికి రాగానే మన పిల్లలు ఎక్కవలసిన తొలిమెట్లే యివి! వర్ధమాన దేశముల ఉద్యోగములలో మూడింట రెండు వంతులు సాంకేతికముగా యాంత్రీకరణకు లొంగునవేయని ప్రపంచ బ్యాంకు 2016 నాటి ప్రపంచాభివృద్ధి నివేదికలో చెప్పుచునే, కూలి తక్కువగుటవలనను, క్రొత్త యంత్రములు ఆలస్యముగా వచ్చుటవలనను ఆ ప్రభావము మందగించునని కూడ చేర్చినది. మనవారు మొదటి మాట విని పరుగెత్తుచున్నారు. మనకు చిక్కిన వ్యవధి రెండవ మాటయందున్నది.

ఆ వ్యవధిలో నేర్వవలసినదేమో తెలియుటకు బెంగుళూరు పోనక్కఱలేదు, పొలములోని బోరుమోటారును చూచిన చాలును. త్రీఫేజు కరెంటు ఏ రాత్రి ఏ వేళ వచ్చునో యెఱుగక, టార్చిలైటు పట్టుకొని, పురుగుపుట్రకు వెఱచుచు గట్లవెంట నడచిపోయి స్టార్టరు మీట నొక్కిన రైతు, నేడు సిమ్‌కార్డు గల మొబైల్ స్టార్టరునకు ఇంటినుండియే ఫోను చేసి మోటారు వేయుచున్నాడు. ఆ నడక తప్పినది. కాని పెట్టెలో రిలే కాలినప్పుడును, ఒక ఫేజు పోయి వైండింగు మాడినప్పుడును దానిని విప్పి చూడగల మనుష్యుని అవసరము తప్పలేదు సరికదా, హెచ్చినది. రీవైండింగు దుకాణమున ప్లాస్టిక్ పూత గల రాగితీగను చుట్లు లెక్కించుచు స్లాట్లలో లాగు కుఱ్ఱవానికి మోటారు స్వభావము వ్రేళ్లకే తెలిసియుండును. అయినను, ఎండ తీవ్రతను బట్టి పంపు వేగమును మార్చు సోలార్ కంట్రోలరు ఎదుటికి వచ్చినప్పుడు, సర్క్యూటు పటము చదువ నేర్పినవారు గాని, తెరపై వెలిగిన ఎర్రర్ కోడును ఆంగ్ల మాన్యువలులో వెదకి చూపినవారు గాని లేకపోవుటచేత, వాడు పెట్టె మూసి కంపెనీవానికి ఫోను చేయుచున్నాడు. ఈ వెలితి పూడ్చుటయే యంత్రయుగమునకు యువకులను సిద్ధపఱచుట యని నా అభిప్రాయము.

అట్టి పని మన చేరువనే కలదు. నంబులపూలకుంట యొద్ద ఎన్‌టీపీసీ వారి 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము 2016 నుండి పనిచేయుచున్నది. సౌరపలకలపై దుమ్మును నీరు లేకయే తుడుచు రోబోలు నిర్జల ప్రాంతములకు ఇప్పటికే వచ్చినవి గనుక, పలకలు తుడుచు కూలినే నమ్ముకొని యుండుట క్షేమము గాదు. ఇన్వర్టరు మఱమ్మతు, కేబులు పరీక్ష నేర్చినవానికి ఆ భయము లేదు. పెనుకొండ చేరువ ఎఱ్ఱమంచిలో కియా కర్మాగారము 2019లో ఏటికి 3 లక్షల కార్లు చేయు సామర్థ్యముతో, 300కు పైగా రోబోలతోనే ఆరంభమైనది. ఆ రోబోలును ఆగును, చెడును, వానికిని సంరక్షకులు కావలయును.

ఇట్టి పని నేర్పు ఐ.టి.ఐ.కి పదవ తరగతి చాలును. పాలిసెట్ వ్రాసినచో మూడేండ్ల డిప్లొమా, ఆపై ఈసెట్ ద్వారా బి.టెక్ రెండవ సంవత్సరము. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, మెకట్రానిక్స్ ట్రేడుల తర్వాత 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద భృతి పుచ్చుకొనుచు కర్మాగారమున పని నేర్చుకొను త్రోవ నాకు మిక్కిలి ఇష్టమైనది. పదవ తరగతి ముగించి పనిముట్ల, అచ్చుల తయారీపై ఆసక్తి గలవారికి హైదరాబాదు బాలానగరున 1968లో వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కలదు. అయితే ఒక హెచ్చరిక: కొన్ని ఐ.టి.ఐ.లలో లేతు యంత్రముపై ముసుగు పరీక్షనాడు తప్ప తీయరు. వర్క్‌షాపు నేలపై ఇనుపరజను కనబడని చోట రుసుము కట్టవలదు. గణితమునందు నిజమైన ప్రీతి గలవాడు ర్యాంకు తెచ్చుకొని, 1946 నుండి నడచుచున్న అనంతపురము ఇంజినీరింగు కళాశాలకు పోయినచో నాకు సంతోషమే. ర్యాంకు రానివానికొఱకు ఎకరా పొలము అమ్ముటయే నేను సహింపజాలని సంగతి.

అమ్మిన పొలముతో కథ ముగియదు. పట్టా వచ్చిన పిమ్మట "నూటికి నూఱు ప్లేస్‌మెంట్ గ్యారంటీ" యను కోచింగు ప్రకటన యెదురగును. అచట రుసుము వాయిదాలని చెప్పి చేయించు సంతకము పలుమారులు విద్యార్థి పేరిట రుణ ఒప్పందమై యుండును. కోర్సు నచ్చక మానినను కిస్తులు మానవు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమయొద్ద నుంచుకొందుమనినవారిని అంతకన్నను నమ్మరాదు. ఉన్నత విద్యాసంస్థలు అట్లు చేయరాదని యు.జి.సి. 2018లోనే ఆదేశించినది. ఇక "ఫేక్ ఎక్స్‌పీరియన్స్" అమ్ము కన్సల్టెన్సీల మాట చెప్పనలవి గాదు. లేని అనుభవమును కాగితముపై కొని చేరినవాడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషనున పట్టుబడి కొలువు పోగొట్టుకొనును, సమకూర్చినవాడు మాత్రము సొమ్ము తిరిగి యీయడు.

ఈ విద్యలు మగపిల్లలకే గాదు. ఆడపిల్లకు కరెంటు కొలుచు మల్టీమీటరు ఎందుకని అడుగు తల్లులకు నా ఉత్తరము చిన్నది: కరెంటుకు ఆడ మగ తేడా తెలియదు.

తల్లిదండ్రులారా, ఈ వేసవిలో సీటుకు బయానా ఇచ్చుటకు ముందు పిల్లవానిని ఒక రీవైండింగు దుకాణమున, ఒక ఐ.టి.ఐ. వర్క్‌షాపున, ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగి ప్రక్కన ఒక్కొక్క దినము కూర్చుండనిండు. పిమ్మట వాడేమి చెప్పునో అడ్డుపడక, చివరివరకు వినుడు.