సముద్రానికి ఒక రోజు వదిలిపెడదాం

మొదటిసారి అండమాన్ వెళ్ళి తిరిగి వస్తున్నప్పుడు విమానంలో అమ్మ ఒక మాట అంది. "వారం రోజులున్నాం గానీ, సముద్రం దగ్గర తీరిగ్గా ఒక్క గంట కూర్చోలేదురా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. నా జేబులో మడత పెట్టిన కాగితం ఉంది. అందులో ఏడు రోజులకు పద్నాలుగు చోట్లు, ఒక్కోదాని పక్కన గంటలు, నిమిషాలు. చూసిన ప్రతిదానికీ టిక్కు పెట్టాను. ఆ టిక్కుల్లో అమ్మ మోకాళ్ళ నొప్పి గానీ, పాప నిద్రమత్తు గానీ, రోజూ సామాన్లు సర్దీ సర్దీ నా భార్య పడిన అలసట గానీ ఎక్కడా లేవు.

ఆఫీసులో పనులు పద్ధతిగా చేస్తానని నాకు పేరుంది. ఆ పద్ధతినే సెలవులోకీ మోసుకెళ్ళాను. ప్రణాళిక అంటే గంటలు నింపడమే అనుకునేవాణ్ణి. మూడేళ్ళ తర్వాత అదే దీవులకు, అదే కుటుంబంతో, అన్నే రోజులకు మళ్ళీ వెళ్ళాం. అప్పటికి ఒక సంగతి తెలిసొచ్చింది. మన చేతిలో ఉన్నవాటికి ముందుగా నిర్ణయం, మన చేతిలో లేనివాటికి ముందుగా చోటు. ప్రణాళికంటే ఈ రెండూ కలిసినదే. మొదటిది మనలో చాలామందికి వచ్చు. రెండోది నేర్చుకోవాలి. నేర్చుకుంటే అది సెలవుతోనే ఆగిపోదు.

ఒక్కొక్కరికి ఒక్క కోరిక

రెండోసారి నేను ఫోన్ తెరిచి హోటళ్ళు వెతకలేదు. ఒక ఆదివారం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి, "ఈ వారంలో మీకు తప్పకుండా కావలసింది ఒక్కటే చెప్పండి" అన్నాను.

అమ్మ సెల్యులార్ జైలు చూడాలంది. మొదటిసారి చూశాం కదా అంటే, "చూశామా? ఇరవై నిమిషాల్లో బయటికి లాక్కొచ్చావు" అంది. 1896లో మొదలై 1906 నాటికి పూర్తయిన ఆ కట్టడానికి ఒకప్పుడు ఏడు వరుసలుండేవి. ఇప్పుడు మిగిలినవి మూడే. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఉన్న జైలు అది. రంప పితూరీలో అల్లూరి వెంట నడిచినవాళ్ళలోనూ కొందరిని ఆ దీవులకే పంపారు. ఆ కథలు వింటూ పెరిగిన మనిషికి ఇరవై నిమిషాలు ఏం సరిపోతాయి?

పాప పగడపు దిబ్బల్లో చేపల్ని చూడాలంది. నేను రాధానగర్ తీరంలో సూర్యాస్తమయం కోరుకున్నాను. నా భార్య కాసేపు ఆలోచించి, "ఒక్కరోజు అలారం లేకుండా లేవాలి, ఆ రోజు ఎవరూ నన్ను ఏమీ అడగకూడదు" అంది. పన్నెండేళ్ళ కాపురంలో ఆ కోరిక నేను మొదటిసారి విన్నాను. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు మరి.

నాలుగు కోరికలు, ఏడు రోజులు. ప్రయాణానికి వెన్నెముక తయారైంది. మిగిలినవన్నీ దొరికితే దొరుకుతాయి, లేకపోతే లేదు. ఇంటిపెద్ద అందరికోసం నిర్ణయిస్తే అందులో ప్రేమ ఉండొచ్చు. అడిగి నిర్ణయిస్తే ప్రేమతో పాటు గౌరవమూ ఉంటుంది.

సముద్రం లెక్కలు వేరు

నీల్ దీవిలో, అంటే 2018లో షహీద్ ద్వీప్ అని పేరు మార్చిన దీవిలో, లక్ష్మణ్‌పూర్ తీరాన సహజమైన రాతి వంతెన ఒకటుంది. అలలు తొలిచిన ఆ రాతి తోరణం దగ్గరికి నడిచి వెళ్ళాలంటే నీరు వెనక్కి తగ్గి ఉండాలి. మొదటిసారి మేం వెళ్ళింది నిండు పోటు మీద. కాగితంలో ఆ గంటకు అదే రాసి ఉంది మరి. ఒడ్డున కొబ్బరిబోండాలు అమ్ముతున్న పెద్దాయన మా తెలుగు విని పలకరించాడు. వాళ్ళ తాతగారిది శ్రీకాకుళం దగ్గర ఊరట. "నీరు ఏ గంటకు తగ్గుతాదో అడగకుండా వచ్చీసినారేటి బాబూ?" అన్నాడు. అండమాన్ నికోబార్ జనాభాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 2011 లెక్కల ప్రకారం సుమారు 13 శాతం. అంటే అడిగితే చెప్పేవాళ్ళు మన భాషలోనే ఉన్నారు. అడగాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

ఆటుపోట్లు రోజుకు రెండేసి సార్లు వస్తాయి. ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి చుట్టూ ఆ తేడా తగ్గుతుంది. దీనికి తొలి ఆధారం మన గోడమీది తెలుగు క్యాలెండర్లోనే ఉంది. తేదీలు ఖాయం చేసేముందు తిథి చూసుకుని, అక్కడికి చేరాక ఆటు ఏ వేళకో ముందురోజే అడిగితే చాలు.

పొద్దు సంగతీ అంతే. మన గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. అండమాన్ దీవులు దానికి పది డిగ్రీల తూర్పున ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు నలభై నిమిషాలు ముందుంటాడు, గడియారం మాత్రం మనదే. నవంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది. మధ్యాహ్నం భోంచేసి, కునుకు తీసి, నాలుగున్నరకు బయల్దేరదామనుకుంటే రాధానగర్ సూర్యాస్తమయం దక్కదు. తెల్లవారుజామున లేచినవాళ్ళకు మాత్రం రోజు చాలా పెద్దది.

ఇక వానలు. నైరుతి రుతుపవనాలు మన దేశంలో ముందుగా తాకేది ఆ దీవులనే, మే నెల మూడోవారం ప్రాంతంలో. అందుకే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలమంటారు. అందులోనూ నవంబరు, డిసెంబరు నెలల్లో బంగాళాఖాతంలో తుఫాన్లు లేస్తాయి.

ఇవేవీ మనం మార్చగలిగినవి కావు. కాబట్టి కాగితం మీద ముందుగా వీటినే రాయాలి. మన కోరికల్ని వాటి చుట్టూ అమర్చుకోవాలి. ఉద్యోగంలోనైనా, పిల్లల చదువులోనైనా, వయసు మళ్ళిన తల్లిదండ్రుల ఆరోగ్యంలోనైనా ఇదే వరుస. మారనివాటిని ముందు గుర్తించినవాడికి, మార్చగలిగినవాటి మీద పనిచేయడానికి బలం మిగులుతుంది.

ఏది వదులుకోవాలి?

డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో మనిషికుండే ఒక అలవాటును వివరించారు. ఒక పనికి ఎంతసేపు పడుతుందో అంచనా వేసేటప్పుడు, అన్నీ సాఫీగా జరుగుతాయన్నట్టే లెక్క వేస్తాం. ఇంతకుముందు అలాంటి పనికి నిజంగా ఎంత పట్టిందో చూసుకోం. నేనూ అదే చేశాను.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. అక్కడి నుంచి హేవ్‌లాక్‌కు, అంటే స్వరాజ్ ద్వీప్‌కు, పడవను బట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటల ప్రయాణం. నేను కాగితం మీద "రెండు గంటలు" అని రాశాను. గది ఖాళీ చేయడం, జెట్టీకి ముందుగా చేరడం, సామాను తనిఖీ, పడవ దిగాక ఆటో, కొత్త గది ఇచ్చేదాకా ఎదురుచూపు, వీటన్నిటికీ సున్నా వేశాను. నిజానికి దీవి మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. ఏడు రోజుల్లో నాలుగు దీవులంటే రెండు రోజులు జెట్టీల్లోనే గడిచిపోయినట్టు.

అందుకే రెండోసారి మూడే దీవులు పెట్టుకున్నాం. బారాటాంగ్ సున్నపురాయి గుహలు వదులుకున్నాం. తెల్లవారకముందే లేచి రోజంతా వెచ్చించాలన్నది ఒక కారణం. ఆ రోడ్డు జారవా ఆదివాసుల అడవి గుండా పోతుందన్నది అంతకన్నా పెద్ద కారణం. వాహనాల్ని బారుగా, నిర్ణీత వేళల్లోనే వదులుతారు. దారిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఆ రోడ్డు మూసేయాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. సాటి మనుషుల ఇంటి మధ్య నుంచి మా సరదా కోసం వెళ్ళడం నాకూ నా భార్యకూ మనస్కరించలేదు. పాపకు కారణం చెప్పాం. అర్థం చేసుకుంది. చూడగలిగి కూడా చూడకుండా ఉండటం సంస్కారమని చెప్పడానికి ఆ ప్రయాణం ఒక సందర్భమైంది.

చివరి రాత్రి ఎక్కడ?

మొదటిసారి ఆఖరి రాత్రి హేవ్‌లాక్‌లోనే ఉన్నాం. ఉదయం పడవ, మధ్యాహ్నం విమానం. కాగితం మీద రెంటి మధ్యా మూడు గంటలున్నాయి. ఆ పొద్దున గాలి లేచింది, పడవ నిలిచిపోయింది. విమానం వెళ్ళిపోయింది. మర్నాడు కొత్త టికెట్లకు పెట్టిన డబ్బు ఎలాగో సర్దుకున్నాం. జెట్టీ మెట్ల మీద అమ్మ నాలుగు గంటలు కూర్చోవడం మాత్రం ఇప్పటికీ కళ్ళముందు కదులుతుంది. 2016 డిసెంబరులో తుఫాను వాతావరణం వల్ల వెయ్యిమందికి పైగా పర్యాటకులు ఆ దీవుల్లో చిక్కుకుపోతే, నౌకాదళం వచ్చి తరలించాల్సి వచ్చింది. ఆ సంగతి తెలిసీ నేను గాలికి చోటివ్వలేదు.

ఇప్పుడు నా నియమం ఒక్కటే. చివరి రాత్రి విమానాశ్రయం ఉన్న ఊళ్ళోనే. సముద్రంలోకి దిగి స్కూబా చేయాలనుకునేవాళ్ళకు ఇంకో సంగతి. నీటి అడుగున శరీరంలో కరిగిన నత్రజని బయటికి పోవడానికి సమయం కావాలి. అందుకే చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు ఉండాలంటారు. డైవింగ్‌ను వారం మొదట్లోనే పెట్టుకోవాలి.

మా రెండో కాగితం ఇలా తయారైంది. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్, జైలు. రెండో రోజు హేవ్‌లాక్, రాధానగర్ సూర్యాస్తమయం. మూడో రోజు పొద్దున పగడాలు. నాలుగో రోజు ఎదుట ఏమీ రాయలేదు. ఐదో రోజు నీల్, ఆటు వేళకు వంతెన. ఆరో రోజు వెనక్కి. ఏడో రోజు విమానం.

నాలుగో రోజు ఖాళీ చూసి నాకే భయమేసింది. అంత డబ్బు పెట్టి ఏమీ చేయకుండా కూర్చోవడమా అనిపించింది. రెండుసార్లు పెన్ను తీశాను, రెండుసార్లూ పక్కన పెట్టేశాను. వాన పడితే మూడో రోజు పని అందులోకి జరుగుతుంది. పడకపోతే ఆ రోజు అలారం లేని రోజు.

వెళ్ళకముందు, వచ్చాక

నెదర్లాండ్స్‌లో 1,530 మందిని గమనించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం చెప్పిన విషయం ఆలోచించదగ్గది. సెలవుకు వెళ్ళబోయేవాళ్ళు, వెళ్ళనివాళ్ళకన్నా ముందునుంచే ఎక్కువ సంతోషంగా కనిపించారు. తిరిగొచ్చాక చాలామందిలో ఆ తేడా పోయింది. చాలా ప్రశాంతంగా గడిచిందని చెప్పినవాళ్ళలోనే కొన్నాళ్ళు నిలిచింది. అదే దేశంలో, సగటున 23 రోజుల సెలవు గడిపిన 54 మంది ఉద్యోగుల మీద 2013లో మరో అధ్యయనం వచ్చింది. వాళ్ళ హాయి ఎనిమిదో రోజుకు శిఖరానికి చేరింది. పనిలో చేరిన మొదటి వారంలోనే మామూలైపోయింది.

వీటి నుంచి నేను రెండు అలవాట్లు చేసుకున్నాను. ఒకటి, ఎదురుచూపును కూడా సెలవులో భాగం చేసుకోవడం. రెండు నెలల ముందునుంచే పాప చేపల పేర్లు నేర్చుకుంది, అమ్మ జైలు కథలు చెప్పింది. రెండోది, తిరిగొచ్చిన మర్నాడే ఆఫీసుకు పరుగెత్తకుండా ఇంట్లో ఒక రోజు ఉంచుకోవడం. హాయి ఎనిమిదో రోజుకు పండేదైతే, ఆ ఎనిమిదో రోజును మెయిళ్ళకు ఎందుకు ఇవ్వాలి?

నాలుగో రోజు

ఆ రోజు వాన పడలేదు. నా భార్య తొమ్మిదింటికి లేచింది. మేమెవరం ఏమీ అడగలేదు. అమ్మ చెట్టునీడన కుర్చీ వేయించుకుని, నీరు తగ్గడం మొదలైనప్పటి నుంచి మళ్ళీ ఎక్కేదాకా చూసింది. పాప ఒక అందమైన గవ్వ ఏరి ఇంటికి తెస్తానంటే, అరచేతిలో అది నడిచింది. లోపల పీత ఉంది. పగడాలు, గవ్వలు అక్కణ్ణుంచి ఎందుకు తీసుకురాకూడదో మేం చెప్పనక్కర్లేకపోయింది. తనే వెళ్ళి నీటి అంచున వదిలి వచ్చింది. ఆ తర్వాత గంటసేపు అది ఎటు పోతుందో చూస్తూ కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. నా చేతిలో ఫోన్ లేదని చాలాసేపటికి గాని గమనించలేదు.

మీరు వెళ్ళేది అండమాన్ కావచ్చు, లక్షదీవులు కావచ్చు, ఈ ఏడాది ఎక్కడికీ వెళ్ళే వీలు లేకపోవచ్చు. అయినా ఈ పని ఇవాళే చేయవచ్చు. రాబోయే వారాన్ని కాగితం మీద గీయండి. మార్చలేనివి ముందు రాయండి. ఇంట్లో ఒక్కొక్కరినీ అడిగి ఒక్కొక్క కోరిక చేర్చండి. ఒకటి వదులుకోండి. ఒక గడి ఖాళీగా ఉంచి, దాన్ని నింపాలన్న ఆత్రాన్ని ఓర్చుకోండి.

మా ఇంట్లో గోడమీది క్యాలెండర్లో నెలకో ఆదివారం ఏమీ రాయకుండా వదిలేస్తున్నాం. కొత్త నెల కాగితం తిప్పగానే అమ్మ కళ్ళజోడు సవరించుకుని దగ్గరికొచ్చి అడుగుతుంది.

"ఈ నెల సముద్రం ఎప్పుడురా?"