ప్రతినాయకుని పక్షం

కోనసీమలో అమలాపురానికి సమీపాన ఐనవిల్లి గ్రామం ఉన్నది. అక్కడి సిద్ధివినాయక స్వామి ఆలయం ప్రసిద్ధమైనది. పరీక్షల కాలం దగ్గరపడగానే స్వామి సన్నిధిలో కలాలను పూజించి విద్యార్థులకు పంచిపెట్టే ఆచారం వల్ల ఈ క్షేత్రం విద్యార్థి లోకానికి సుపరిచితం. తలపెట్టిన పని నిర్విఘ్నంగా నెరవేరాలని ఇక్కడ మొక్కుకొన్న వారిలో ఒకరిని స్థలపురాణం ప్రత్యేకంగా పేర్కొంటుంది. అతడు దక్షప్రజాపతి. ద్రాక్షారామంలో యజ్ఞం ఆరంభించడానికి ముందు అతడు ఐనవిల్లి గణపతిని అర్చించాడని భక్తుల విశ్వాసం.

ఆ యజ్ఞం సామాన్యమైనది కాదు. శివునికి హవిర్భాగం లేకుండా చేయాలని సంకల్పించిన యజ్ఞం. తండ్రికి అవమానం తలపెట్టినవాడు కుమారుని దగ్గరకు వచ్చి విఘ్నాలు తొలగించమని వేడుకొన్నాడన్నమాట! సతీదేవి మరుజన్మలో పార్వతి అయినది కదా, పార్వతీ తనయుడు అంతకు ముందే ఐనవిల్లిలో ఎలా వెలిశాడని కాలక్రమం లెక్కించేవారు ప్రశ్నించవచ్చు. స్థలపురాణానికి ఆ లెక్క పట్టదు. అది చూపుతున్నది దక్షుని మనఃస్థితిని. తాను చేయబోయేది పాపమని ఎరిగి విఘ్నేశ్వరుని పూజించేవారు అరుదు. దక్షుడు తనది ధర్మమనే నమ్మాడు.

అతని కోపానికి కారణం భాగవతం చతుర్థస్కంధంలో ఉన్నది. తాను సభలో ప్రవేశించినపుడు అల్లుడైన శివుడు లేచి నిలబడలేదు. పెద్దరికానికి లోటు జరిగిందని దక్షుడు భావించాడు. అల్లుళ్ళ మర్యాదలకు పేరుపడిన గోదావరి సీమలో ఈ మామా అల్లుళ్ళ కథ నెలకొనడం ఒక చమత్కారం. ఆ పట్టుదల ఫలితంగా కన్నకూతురు తన కళ్ళ ఎదుటనే దగ్ధమైనది. వీరభద్రుడు దక్షుని శిరస్సు ఖండించాడు. అయితే కథ అక్కడ ముగియలేదు. శివుని అనుగ్రహంతో దక్షుడు మేకతలతో పునర్జీవితుడై యజ్ఞాన్ని పూర్తిచేశాడు. ప్రతినాయకుణ్ణి చంపి ఊరుకోక, లేపి, మిగిలిన పని అతనిచేతనే చేయించిన కథ ఇది.

ఇటువంటి పాత్రలను చూసి ఆనందించడం ఒక ఎత్తు, ఆ పాత్రలో నిలిచి నిర్ణయాలు తీసుకోవడం మరొక ఎత్తు. ఈ రెండవ పనిని వినోదంగా మలచినవి రోల్ ప్లేయింగ్ గేములు. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెలువడింది. ఇందులో నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథను నడిపిస్తారు. మిగిలినవారు ఒక్కొక్క పాత్ర ధరించి ఏమి చేయాలో చెబుతారు. ఫలితాన్ని పాచికలు నిర్ణయిస్తాయి. వేషం, రంగం, తెర లేని నాటకమని దీనిని చెప్పవచ్చు. సంభాషణలు ముందుగా రాసి ఉండవు.

ఈ క్రీడలో పాత్రల స్వభావాన్ని సూచించడానికి ఒక పట్టిక ఏర్పడింది. నియమబద్ధుడు, తటస్థుడు, నియమరహితుడు అని ఒక వరుస. మంచివాడు, తటస్థుడు, చెడ్డవాడు అని మరొక వరుస. రెండూ కలిపితే తొమ్మిది గదులు. దక్షుణ్ణి ఏ గదిలో ఉంచాలి? నియమబద్ధుడన్నంత వరకు సందేహం లేదు. చెడ్డవాడా అంటే మాత్రం జవాబు తడబడుతుంది.

దుర్యోధనుని విషయం ఇంకా కఠినమైనది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు తెలుగునాట పల్లెపల్లెనా ప్రదర్శితమైనాయి. వాటిలో దుర్యోధన పాత్రధారి పద్యం ఎత్తుకొంటే పాండవ పక్షపాతులు కూడా చెవులప్పగించేవారు. 1977లో నందమూరి తారకరామారావు స్వీయ దర్శకత్వంలో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు అనే మూడు పాత్రలూ తానే ధరించి ‘దానవీరశూరకర్ణ’ చిత్రాన్ని నిర్మించారు. కొండవీటి వేంకటకవి సంభాషణలు రచించారు. ఒకే నటుడు ముగ్గురుగా కనిపించిన ఆ చిత్రంలో జనం కంఠస్థం చేసింది దుర్యోధనుని మాటలనే. అస్త్రవిద్యా ప్రదర్శన సభలో కర్ణుని కులమేమిటని అడిగినపుడు, అడిగిన పెద్దల పుట్టుకలనే ఏకరువు పెట్టి దుర్యోధనుడు వారిని నిరుత్తరులను చేస్తాడు. ఆ వాదంలో న్యాయం ఉన్నది. పుట్టుకను బట్టి మనిషిని తక్కువ చేయరాదన్న మాట ఆ సభలో అతని నోటనే వచ్చింది. అదే దుర్యోధనుడు మరొక సభలో ద్రౌపదిని ఈడ్పించాడు. మొదటి సభలోని న్యాయం రెండవ సభలోని నేరాన్ని మాపలేదు. రెండవ సభలోని నేరం వల్ల మొదటి మాట అబద్ధమూ కాలేదు. ప్రతినాయకుని కారణం తెలుసుకోవడం వేరు, అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టడం వేరు. దుర్యోధనుని సంభాషణలకు చప్పట్లు కొట్టే ప్రేక్షకుడు ఒక్కొక్కసారి ఈ భేదాన్ని మరచిపోతాడు.

ఒక వ్యక్తిని చెడ్డవాడని నిర్ణయించడానికి అతని పనులు ఆధారం. ఒక జాతిని మొత్తంగా చెడ్డదని అనడానికి ఆధారమేమిటి? రాక్షస వంశంలో విభీషణుడు, దైత్య వంశంలో ప్రహ్లాదుడు, బలి చక్రవర్తి పుట్టారు. వంశమే స్వభావమని మన కథలు తేల్చలేదు. టోల్కీన్ 1954–55లో ప్రకటించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ లో ఓర్కులనే జాతి చెడుకు సైన్యంగా కనిపిస్తుంది. ఒక జాతి యావత్తూ ఉద్ధరణకు అందనిదై ఉంటుందా అన్న శంక ఆ రచయితనే బాధించినట్లు ఆయన లేఖలు తెలుపుతున్నాయి. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ లోనూ ఓర్కులు చాలాకాలం పుట్టుకతో దుష్టులుగానే ఉన్నారు. ఓర్కులను ఇతర జాతుల వలెనే మంచి చెడులు కలిసిన వారిగా చిత్రిస్తామని ప్రచురణకర్తలు 2020లో ప్రకటించారు. 2024 నాటి నియమ గ్రంథంలో ఓర్కు ఆటగాడు ఎంచుకోదగిన పాత్ర అయినాడు. ఇది వట్టి ఆట నియమమే కదా అని కొట్టివేయడానికి వీలులేదు. పుట్టుకతోనే చెడ్డవారన్న ముద్ర నిజమైన మనుషులపై పడిన చరిత్ర ఉన్నది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన నేరస్థ తెగల చట్టం పసిబిడ్డతో సహా తెగనంతటినీ అనుమానితులుగా చూసింది. స్వతంత్ర భారతదేశంలో 1952లో గాని అది రద్దు కాలేదు.

రాజ్యాల విషయంలో ఈ చిక్కును అందంగా చూపిన కంప్యూటర్ క్రీడ ఒకటి ఉన్నది. రిచర్డ్ గారియట్ సృష్టించిన ‘అల్టిమా’ వరుసలో ఆరవది 1990లో వచ్చింది. ఆరంభంలో గార్గాయిల్లనే కొమ్ముల జాతి మానవ రాజ్యంపై దండెత్తి వస్తుంది. ఆటగాడు వీరుడై వారిని నరకుతూ పోతాడు. కొంతదూరం పోయాక వారి భాష తెలుస్తుంది, వారి గ్రంథాలు చదవడం వస్తుంది. అప్పుడు బయటపడేదేమంటే, వెనుకటి కథల్లో మానవులు ఘనవిజయంగా తలచి తెచ్చుకొన్న జ్ఞానగ్రంథం గార్గాయిల్ల లోకానికి ఆధారమైనది. అది పోవడంతో వారి నేల కూలిపోతున్నది. వారి భవిష్యవాణిలో వర్ణితుడైన వినాశకారి ఎవరో కాదు, ఆటగాడే. గ్రంథం ఏ ఒక్కరికీ దక్కకుండా, రెండు జాతుల వారికీ కనిపించే ఏర్పాటు చేయడంతో ఆట ముగుస్తుంది.

తెలుగు చరిత్రలో ఇటువంటి రెండు చూపుల కథకు బొబ్బిలి యుద్ధం తగిన ఉదాహరణ. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు విజయరామరాజు బొబ్బిలి కోటను ముట్టడించారు. కోట విడిచి పొమ్మన్న ఆజ్ఞను బొబ్బిలి ప్రభువు రంగారావు తిరస్కరించాడు. శత్రువుల చేత చిక్కరాదని కోటలోని స్త్రీలను, పిల్లలను తమవారే సంహరించుకొన్నారు. మగవారు పోరాడి నేలకొరిగారు. కొద్దిరోజులలోనే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ శత్రుశిబిరంలో చొరబడి విజయరామరాజును గుడారంలోనే చంపాడు. బుర్రకథలలోను, 1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’ చిత్రంలోను విజయనగరం ప్రతినాయక రాజ్యమే. పాపారాయుని సాహసం బొబ్బిలి వైపు నుండి చూస్తే ప్రతీకారం, ఆ గుడారంవారి వైపు నుండి చూస్తే అర్ధరాత్రి హత్య. ఇరుగుపొరుగు సంస్థానాల నడుమ సరిహద్దు తగాదాలు, నీటి తగాదాలు ఎన్నో ఏళ్ళుగా ఉన్నవే. అయితే ఫిరంగులను తోడు తెచ్చుకొన్నది మాత్రం విజయనగరమే.

ఆ విజయనగరమే తరువాతి శతాబ్దంలో తెలుగు సాహిత్యానికి నీడనిచ్చింది. ఆ వంశపు ఆనంద గజపతిరాజు ఆదరణలో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ రచించాడు. 1892లో మొదట ప్రదర్శితమైన ఆ నాటకం 1897లో అచ్చయి ఆ ప్రభువుకే అంకితమైనది. బొబ్బిలి కథ విని కన్నీరు పెట్టుకొన్నవారే గిరీశం మాటలకు పగలబడి నవ్వారు.