కాలేయమునకు ప్రాకిన చిన్నప్రేవుల కణితి – శస్త్రచికిత్స

రాచపుండు కాలేయమునకు ప్రాకినదని వినినంతనే, ఇక చేయదగినదేమియు లేదని రోగిని ఇంటికి తెచ్చుకొనుట మన గ్రామములలో పరిపాటి. పెక్కు రాచపుండ్ల విషయమున ఆ భయము అకారణము కాదు. కాని చిన్నప్రేవులలో పుట్టు ఒక జాతి కణితి విషయమున ఆ నిరాశ తొందరపాటే యగును. సలహాకై జనులు మొదట మీ గడపనే త్రొక్కుదురు గనుక పంచాయతీ సభ్యులు ఈ భేదము నెఱిగియుండవలెను.

ఈ కణితికి 1907లో జర్మనీ వైద్యుడు ఓబర్న్‌డార్ఫర్ ‘కార్సినాయిడ్’ అని పేరిడెను. నేటి వైద్యులు దీనిని న్యూరో ఎండోక్రైన్ కణితి యందురు. ఇది తరచు వేరుసెనగ గింజంతయే యుండి ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. కడుపునొప్పి వచ్చి పోవుచుండును. రోగి ‘గ్యాస్’ అని సరిపెట్టుకొనును. ప్రేవులనుండి వచ్చు రక్తము మొదట కాలేయమునకే చేరును గనుక, కణితినుండి విడివడిన కణములు అచ్చట నాటుకొనును. అవి స్రవించు సెరొటోనిన్ మున్నగు ద్రవ్యములు దేహమెల్ల వ్యాపింపగా, కొందరికి ముఖము ఎఱ్ఱబారి వేడెక్కును, నీళ్ల విరేచనములగును. గుండె కుడిభాగపు కవాటములు బిరుసెక్కుటయు కలదు. కనుక కత్తి పట్టుటకు ముందు గుండెను పరీక్షింతురు.

శస్త్రవైద్యుడు సుమారు ఆరు మీటర్ల చిన్నప్రేవును ఆ కొసనుండి ఈ కొసవరకు చేతితో తడిమి చూచును. యంత్రములకు చిక్కని చిన్న కణితులు వ్రేళ్లకు చిక్కును. (ఇన్ని యంత్రములు వచ్చినను ఈ పని వ్రేళ్లదే!) కణితియున్న భాగమును చెంతనున్న లింఫు గ్రంథులతో సహా తీసి, కొనలను కలిపి కుట్టుదురు. ఆ గ్రంథుల చుట్టును పీచు గట్టి ప్రేవును ముడిచివేయును. ప్రేవు మూసికొనుచున్న వారికి ఈ శస్త్రము తప్పదు. బాధ లేనివారి విషయమున వైద్యులలోనే భిన్నాభిప్రాయములు కలవు.

కాలేయము కోసిన పిమ్మట తిరిగి పెరుగు అవయవము. ఆరోగ్యముగా నున్నచో మూడవవంతు మిగిలినను సాధారణముగా చాలును. వీలైనంతవరకు కణితులనే ఒలిచి తీయుదురు. లోతున నున్నవానిని సూది దింపి వేడిచే మాడ్చుదురు. పూర్వము నూటికి 90 పాళ్లు తీయగలిగిననే శస్త్రము చేయవలె ననెడివారు. 70 పాళ్లు తీసినను మేలు కలుగునని నేడు పలువురి మతము. కణితులు మరల మొలచుట పెక్కుమందికి తప్పదు. ఇది రోగికి దాచరాదు. ఐనను ఏండ్లకొలది పనిపాటలు చేసికొనుచు జీవించువారు కలరు.

మత్తు ఇచ్చునపుడు రక్తపోటు హఠాత్తుగా పడిపోవు ప్రమాదము కలదు. అందుకై ఆక్ట్రియోటైడ్ అను మందును సిద్ధముగా నుంచుకొందురు. అది దీర్ఘకాలము వాడినచో పిత్తాశయమున రాళ్లు పుట్టవచ్చును గనుక, తరచు పిత్తాశయమును కూడ అదే శస్త్రములో తీసివేయుదురు. కాలేయమెల్ల కణితులతో నిండినవారికి శస్త్రము పనికిరాదు. వారికి మందులు, లుటీషియం సూదులు కలవు.

ఇది ఏ జాతి కణితియో తేల్చునది ముక్క పరీక్ష మాత్రమే. పొలము అమ్మకమునకు పెట్టకముందే ఆ నివేదికను, స్కాన్ కాగితములను చేతికిచ్చి, కాలేయ శస్త్రచికిత్స చేయు పెద్ద ఆసుపత్రికి రోగిని పంపుడు.