నిర్ణయానికి ముందు జరగాల్సిన పరిశోధన: మార్కెట్ విశ్లేషకులుగా రాణించాలంటే

భీమవరం, నెల్లూరు పరిసరాల చెరువుల్లో పెరిగిన వనామీ రొయ్య అమెరికా, చైనా, జపాన్ వినియోగదారులకు చేరుతున్న ఈ కాలంలో, నాణ్యమైన సరుకు తయారుచేయగలిగినంత మాత్రాన వ్యాపారం నిలదొక్కుకోదు. ఏ దేశంలో ఎవరు కొంటున్నారు, ఏ రూపంలో కోరుతున్నారు, అదే సరుకును మరింత చౌకగా ఇవ్వగలవారు ఎవరు అనే ప్రశ్నలకు పెట్టుబడి పెట్టకముందే సమాధానం దొరకాలి. ఆ సమాధానాన్ని ఆధారాలతో సహా సిద్ధం చేయడమే మార్కెట్ విశ్లేషకుల పని. గణాంకాలను పోగుచేయడమే ఈ వృత్తి అన్న అభిప్రాయం చాలామంది విద్యార్థుల్లో ఉన్నప్పటికీ, యాజమాన్యం తీసుకోవలసిన నిర్ణయమేమిటో ముందుగా గుర్తించి, దానికి తగిన ఆధారాన్ని నిజాయితీగా సమకూర్చడమే దీని సారం.

రెండు శాఖలు

ఈ రంగంలో ప్రధానంగా రెండు శాఖలున్నాయి. వినియోగదారుల అవసరాలను, అలవాట్లను, కొనుగోలు శక్తిని అధ్యయనం చేసేది మార్కెట్ రీసెర్చ్. పోటీ సంస్థల ధరలు, ఉత్పత్తి సామర్థ్యం, పేటెంట్లు, విస్తరణ ప్రణాళికల వంటివాటిని బహిరంగంగా లభించే సమాచారం నుంచి సేకరించి, అవి తదుపరి ఏ అడుగు వేయవచ్చో అంచనా వేసేది కాంపిటిటివ్ ఇంటెలిజెన్స్. పోటీదారుల విశ్లేషణ నిర్వహణ శాస్త్రంలో ఒక పద్ధతిగా స్థిరపడటానికి మైకేల్ పోర్టర్ 1980లో ప్రచురించిన ‘కాంపిటిటివ్ స్ట్రాటజీ’ గ్రంథం ఎంతగానో తోడ్పడింది.

సర్వేలు, ముఖాముఖి సంభాషణలు, బృంద చర్చల ద్వారా నేరుగా రాబట్టేది ప్రాథమిక సమాచారం కాగా, ప్రభుత్వ గణాంకాలు, కంపెనీల వార్షిక నివేదికలు, కస్టమ్స్ లెక్కల వంటివాటి నుంచి తీసుకునేది ద్వితీయ సమాచారం. సర్వే చేసేటప్పుడు అందరినీ ప్రశ్నించడం సాధ్యం కాదు కాబట్టి కొందరిని ఎంపిక చేస్తారు; దీనినే నమూనా అంటారు. నమూనా ఎంత పెద్దదన్న దానికంటే అది మొత్తం జనాభాకు ఎంతవరకు ప్రాతినిధ్యం వహిస్తుందన్నదే ముఖ్యం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి పత్రాలు పంపి, ఇరవై లక్షలకు పైగా జవాబులు అందుకుని కూడా ఫలితాన్ని తప్పుగా అంచనా వేసింది. టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తయారైన ఆ జాబితాలో సంపన్నుల వాటా ఎక్కువగా ఉండటం, జవాబులు పంపినవారి అభిప్రాయం మిగతావారి అభిప్రాయానికి భిన్నంగా ఉండటం ఇందుకు కారణాలు. అంతకంటే ఎన్నో రెట్లు చిన్న నమూనాతో జార్జ్ గ్యాలప్ విజేతను సరిగ్గా చెప్పగలిగారు. స్టాటిస్టిక్స్ చదివినవారికి ఈ వృత్తిలో విలువ ఉండటానికి మూలం ఇక్కడే ఉంది.

రొయ్యల మార్కెట్‌లో విశ్లేషణ

అంతర్జాతీయ వాణిజ్యంలో ప్రతి సరుకుకూ హెచ్‌ఎస్ కోడ్ అనే సంఖ్య ఉంటుంది. దీనిలో మొదటి ఆరు అంకెలు దాదాపు అన్ని దేశాలకూ ఉమ్మడివి కాగా, భారతదేశం ఎనిమిది అంకెల వరకు వర్గీకరణను విస్తరించింది. గడ్డకట్టించిన (ఫ్రోజెన్) సాధారణ రొయ్యల కోడ్ 030617. కేంద్ర వాణిజ్య శాఖ ఎగుమతి, దిగుమతి గణాంకాల్లో గానీ, జెనీవాలోని ఇంటర్నేషనల్ ట్రేడ్ సెంటర్ నిర్వహించే ట్రేడ్ మ్యాప్‌లో గానీ ఈ కోడ్‌తో వెతికితే ఏ దేశం ఎవరి నుంచి ఎంత కొంటున్నదో తెలుస్తుంది. మొత్తం విలువను పరిమాణంతో భాగిస్తే కిలో సగటు ధర వస్తుంది.

అసలైన విశ్లేషణ ఆ తరువాతే మొదలవుతుంది. ఈక్వెడార్ సగటు ధర భారత్ ధర కంటే తక్కువగా కనిపించినంత మాత్రాన ఆ దేశం చౌకగా అమ్ముతున్నదని నిర్ధారించడం సరికాదు. ఈక్వెడార్ చైనాకు తల, పెంకుతో ఉన్న రొయ్యను అధికంగా పంపుతుండగా, భారతదేశం అమెరికాకు పంపే సరుకులో పొట్టు తీసినదే ఎక్కువ. రూపం వేరైన సరుకులను ఒకే త్రాసులో తూచిన నివేదిక ఎగుమతిదారును తప్పుదారి పట్టిస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా అనేక భారతీయ సరుకులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఒకే దేశంపై ఆధారపడటంలోని ప్రమాదం స్పష్టమై, ప్రత్యామ్నాయ మార్కెట్ల అధ్యయనం అత్యవసరమైంది.

ఔషధ రంగంలో పోటీ సమాచారం

హైదరాబాద్ ఔషధ పరిశ్రమకు పోటీ సమాచారం ప్రాణాధారం. 1984 నాటి అమెరికా చట్టం ప్రకారం, ఒక మందు పేటెంట్‌ను సవాలు చేస్తూ మొదట దరఖాస్తు చేసిన జనరిక్ కంపెనీకి 180 రోజులపాటు ఇతర జనరిక్‌ల పోటీ నుంచి రక్షణ లభించే అవకాశం ఉంది. డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2001లో ఫ్లూక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లకు ఈ ప్రత్యేక హక్కును పొందింది. మందుల వివరాలు, పేటెంట్ల గడువులను తెలిపే ఆరెంజ్ బుక్‌ను, కోర్టు వ్యాజ్యాలను, ముడి ఔషధాల తయారీదారులు సమర్పించే డ్రగ్ మాస్టర్ ఫైళ్ల జాబితాను నిరంతరం గమనించే విశ్లేషకులు ఇలాంటి నిర్ణయాలకు పునాది వేస్తారు. బి.ఫార్మసీ, ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ అభ్యర్థులు పేటెంట్ చట్టంపై అవగాహన పెంచుకుంటే ఈ విభాగంలో ప్రవేశించవచ్చు.

అర్హతలు, నైపుణ్యాలు

స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, కామర్స్, సైకాలజీ డిగ్రీలు ఈ రంగానికి బాగా ఉపకరిస్తాయి. మార్కెటింగ్ లేదా ఇంటర్నేషనల్ బిజినెస్‌లో ఎంబీఏ అదనపు బలం. విదేశీ వాణిజ్యంపై ఆసక్తి ఉన్నవారికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్ కాకినాడ క్యాంపస్ అందుబాటులో ఉంది. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ ప్రాథమిక సాధనాలు కాగా, ఆర్ లేదా పైథాన్ తెలిస్తే లోతైన విశ్లేషణ సాధ్యమవుతుంది. నీల్సన్‌ఐక్యూ, కాంటార్, ఇప్సోస్ వంటి పరిశోధన సంస్థలతోపాటు ఔషధ కంపెనీలు, ఎగుమతి సంస్థలు, బహుళజాతి సంస్థల కేంద్రాలు విశ్లేషకులను నియమిస్తాయి. గ్రామీణ వినియోగదారులతో వారి యాసలో మాట్లాడి మనసులోని మాటను రాబట్టగల తెలుగు అభ్యర్థికి క్షేత్రస్థాయి పరిశోధనలో ప్రత్యేక స్థానం ఉంటుంది.

హద్దులు, సన్నద్ధత

వేరొకరిగా నటించి పోటీ సంస్థ రహస్యాలు రాబట్టడం, ఉద్యోగులకు డబ్బు ఆశ చూపడం పరిశోధన అనిపించుకోవు. అమెరికా 1996 చట్టం ప్రకారం వ్యాపార రహస్యాల చౌర్యం నేరం. సర్వేల్లో సేకరించే వ్యక్తిగత వివరాల విషయంలో భారత డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 గురించిన అవగాహన తప్పనిసరి.

ఇంటర్వ్యూకు వెళ్లేముందు అభ్యర్థులు గుంటూరు మిర్చి, నిజామాబాద్ పసుపు వంటి ఒక సరుకును ఎంచుకుని, ఐదు పేజీల నివేదిక రాయడం అత్యుత్తమ సన్నాహం. పరిష్కరించవలసిన ప్రశ్న, సమాచారం లభించిన చోటు, తేలిన విషయం, దాని పరిమితులు, చేయదగిన సిఫార్సు అందులో వరుసగా ఉండాలి. వీటిలో పరిమితులను దాచకుండా రాసే అలవాటే అన్నింటికంటే విలువైనది. ఎందుకంటే సంస్థలు కోట్ల రూపాయల నిర్ణయాలను అప్పగించేది, తమ అంచనా ఎంతవరకు నమ్మదగినదో స్వయంగా చెప్పగల విశ్లేషకులకే.