కొయ్యను కోసే పనిముట్లు: అంచు, నార, పదును

వడ్రంగి పనిముట్లలో కొలిచేవి, గీత గీసేవి, పట్టి ఉంచేవి, కొట్టేవి, కోసేవి అని పలు తరగతులున్నాయి. వీటిలో కోసే పనిముట్లదే ప్రధాన స్థానం. బాడిస, రంపం, ఉలి, చిత్రిక, బరమా రూపంలో ఎంత భిన్నంగా కనిపించినా అవి చేసే పని ఒక్కటే: గట్టి ఉక్కు అంచును కొయ్య నారలోకి దించి, అక్కరలేని భాగాన్ని వేరుచేయడం. అంచు కోణం, అంచు కదిలే దిశ, నార నడిచే దిశ అనే మూడింటి పొందికను బట్టి కోత నునుపుగా రావడమో, కొయ్య చీలిపోవడమో జరుగుతుంది. అందువల్ల పనిముట్ల పేర్లు వల్లించడం కన్నా, ప్రతి అంచూ నారతో ఏ విధంగా వ్యవహరిస్తుందో గ్రహించడం విద్యార్థికి ముఖ్యం.

అనకాపల్లి అనగానే వ్యవసాయ విద్యార్థికి చెరకు పరిశోధన, బెల్లం మార్కెట్టు గుర్తుకు వస్తాయి. ఇదే జిల్లాలోని యలమంచిలి మండలంలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కొయ్యను తరిమెన పట్టి, లక్క రంగులు అద్ది చేసే అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. పదునైన అంచుకు, మొద్దుబారిన అంచుకు గల భేదం కంటితో చూడదలచినవారికి ఇంతకన్న అనువైన చోటు లేదు. ఆ సంగతికి పోయే ముందు సాధారణ పనిముట్లను పరిశీలించాలి.

రంపం

రంపాలన్నీ ఒకే విధంగా కోయవు. నార వెంబడి చీల్చే రంపపు పన్ను చిన్న ఉలి వంటిది. ఎదురుగా వచ్చిన కొయ్యను తొలుచుకుంటూ పోతుంది. నారకు అడ్డంగా కోసే రంపపు పన్ను చిన్న కత్తి వంటిది. పక్క అంచుతో ముందుగా నారను తెగగోసి, తరువాత పొట్టును బయటికి తీస్తుంది. చీల్చే రంపంతో అడ్డంగా కోస్తే నార తెగక చిరుగుతుంది. అడ్డకోత రంపంతో చీలిస్తే పళ్ళ సందులు పొట్టుతో నిండి పని సాగదు. సాధారణంగా 25 మిల్లీమీటర్ల పొడవులో చీల్చే రంపానికి నాలుగైదు పళ్ళు, అడ్డకోత రంపానికి 8 నుండి 10 పళ్ళు, అతుకులు కోసే సన్న రంపానికి 12 నుండి 14 పళ్ళు ఉంటాయి.

పళ్ళను ఒకదానిని కుడికి, మరొకదానిని ఎడమకు స్వల్పంగా వంచుతారు. దీనివల్ల కోత గాడి రేకు మందం కన్న కొంచెం వెడల్పుగా ఏర్పడి, రంపం బిగుసుకోదు. ఈ వెడల్పు రేకు మందానికి ఒకటిన్నర రెట్లు మించకపోవడం మంచిది. మించితే శ్రమ పెరుగుతుంది, విలువైన కొయ్య పొట్టుగా పోతుంది. రంపం ఒక పక్కకు లాగుతున్నదంటే ఆ వైపు పళ్ళు ఎక్కువగా వంగాయని అర్థం. పనివాని చేతిని తప్పుపట్టే ముందు పళ్ళను చూడాలి. విద్యుత్ రంపాల చక్రాలకు సైతం ఈ సూత్రమే వర్తిస్తుంది.

బాడిస, ఉలి, చిత్రిక

నాగలి, కాడి, బండి చక్రం చేసే పల్లె వడ్రంగికి బాడిసే కుడిచేయి. నల్లతుమ్మ వంటి గట్టి కొయ్యను మోటుగా చెక్కి రూపు తెచ్చేది అదే. బాడిస వేటు పడే దారిలో పాదం ఉండకూడదన్నది మొదటి రోజే నేర్పవలసిన నియమం.

ఉలిలో రెండు ముఖ్య రకాలను గుర్తించాలి. పల్చని ఉలిని చేతితో నెట్టి సన్నని పొరలు తీస్తారు. గుమ్మాల అతుకుల్లో బెజ్జం తొలిచే ఉలి మందంగా ఉంటుంది. కొయ్యసుత్తి దెబ్బలను తట్టుకోవాలి గనుక దాని అంచు కోణం కూడా ఎక్కువే. కోణం తగ్గితే కోత సులువు, కాని అంచు త్వరగా విరుగుతుంది. కోణం పెరిగితే అంచు నిలుస్తుంది, కాని బలం ఎక్కువ పెట్టాలి. సాధారణ ఉలికి 25 డిగ్రీల వాలు పట్టి, కొనను 30 డిగ్రీల వద్ద నూరడం వాడుక. కోణమానిని లేనిచోట ఒక సులువైన లెక్క ఉంది: వాలు పొడవు ఉలి మందానికి రెండు రెట్లుంటే అది 30 డిగ్రీలు, సుమారు 2.4 రెట్లుంటే 25 డిగ్రీలు. నాలుగు మిల్లీమీటర్ల మందమున్న ఉలికి తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల వాలు ఉండాలన్నమాట.

చిత్రిక అనేది దిమ్మలో బిగించిన ఉలి. అంచు ఎంత బయటికి రావాలో దిమ్మ నిర్ణయిస్తుంది కాబట్టి పొర ఒకే మందంతో లేస్తుంది. నార పైకి లేచే దిశలో పట్టాలి. ఎదురు పడితే గుంటలు పడతాయి. బరమా విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. తాడుతో తిప్పే బరమా రెండు దిశలలోనూ తిరుగుతుంది గనుక దాని ములుకుకు రెండు వైపులా అంచు ఉంటుంది. మెలి ములుకు ఒకే దిశలో కోస్తుంది.

తరిమెన మీద అంచు

పై పనిముట్లన్నింటిలో కొయ్య నిలిచి ఉంటుంది, అంచు కదులుతుంది. తరిమెనలో కొయ్య తిరుగుతుంది, ఉలి ఆనింపు మీద నిలుస్తుంది. పూర్వం తాడు లాగి తిప్పిన తరిమెనలకు నేడు మోటార్లు వచ్చాయి. వేగం మారింది గాని నార నియమం మారలేదు. నార ఇరుసు వెంబడి ఉన్నప్పుడు లావు భాగం నుండి సన్న భాగం వైపు కోయాలి. అప్పుడు తెగుతున్న ప్రతి నారకూ కింది నార ఆధారంగా నిలుస్తుంది. సన్న భాగం నుండి లావు వైపు పోతే నార కొసలు లేస్తాయి. బొంగరం మెడ దగ్గర గరుకుతనానికి తరచు ఇదే కారణం.

అంకుడు తెల్లని, మెత్తని, సన్న నార గల కొయ్య. మెత్తని కొయ్యకు మొద్దు అంచు చాలుననుకోవడం పొరపాటు. గట్టి కొయ్య మొద్దు అంచును ఎదిరిస్తుంది, మెత్తనిది నలిగిపోతుంది. తిరిగే బొమ్మకు లక్క కడ్డీని ఆనించగా రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో అదిమి మెరుగు తెస్తారు. నలిగిన నార మీద లక్క సమంగా పరచుకోదు. లోపాన్ని సరిచేయడానికి మరొక పొర కోయాలి, అంటే బొమ్మ సన్నబడాలి లేదా పారవేయాలి. అంకుడు చెట్టు తిరిగి పెరగడానికి ఏళ్ళు పడుతుంది. కనుక ఇక్కడ సానరాయి చెట్టును కాపాడే సాధనం కూడా.

పదును, శిక్షణ

సాన చక్రంపై పట్టేటప్పుడు ఉక్కును తరచు నీటిలో ముంచాలి. అంచు నీలి రంగుకు తిరిగితే అక్కడ గట్టిదనం పోయిందని గ్రహించి, ఆ మేరకు అరగదీయాలి. తరువాత సానరాయిపై వాలును నూరి, వెనుక ముఖాన్ని బల్లపరుపుగా ఆనించి రుద్ది, అంచున లేచిన సన్నని ఈకను తొలగించాలి. వెనుక ముఖం చదునుగా లేని ఉలికి వాలును ఎంత నూరినా ప్రయోజనం ఉండదు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో వడ్రంగం, బొమ్మల తయారీ ఉన్నాయి. పనిముట్ల కొనుగోలుకు 15,000 రూపాయల వరకు ప్రోత్సాహకం, ఐదు నుండి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ ఇందులో భాగం. ఇది మేలైన ఏర్పాటే. అయితే అంగడి నుండి వచ్చిన ఉలికి సాన చక్రం పట్టిన వాలు మాత్రమే ఉంటుంది. కోసే అంచును పనివాడే తెచ్చుకోవాలి. కావున గ్రామీణ యువతకు శిక్షణ రూపొందించే విస్తరణ శాస్త్రవేత్తలు ప్రతి దినం కొంత సమయాన్ని నూరడానికే కేటాయించాలని మా అభిప్రాయం. కొత్త పనిముట్ల ప్రదర్శన ఒక పూట తగ్గినా నష్టం లేదు.

శిక్షణ ముగిసిన తరువాత పరీక్షకు మామిడి చెక్క ముక్క ఒకటి చాలు. దాని నార కొసల ముఖాన్ని, సుత్తి వాడక, ఉలితో పల్చగా కోయించాలి. కోసిన చోట మెరుపు కనిపిస్తే అంచు కుదిరినట్లు. పొడి రాలి తెల్లబారితే ఆ ఉలిని తిరిగి సానరాయి మీదికి పంపాలి.